కెమెరాలోనే ఉన్న జీపీఎస్‌తో జియోట్యాగింగ్: ఫిక్స్ లేటు, కొన్ని ఫోటోలకి లొకేషన్ తప్పు, బ్యాటరీ కూడా దిగిపోతోంది

కొండదారి
అందరికీ నమస్తే. ఈమధ్య సెకండ్‌హ్యాండ్‌లో ఒక డీఎస్ఎల్ఆర్ తీసుకున్నానండి, బాడీలోనే జీపీఎస్ ఉన్న మోడల్, నిజం చెప్పాలంటే ఆ జీపీఎస్ కోసమే తీసుకున్నా. నేను తీసేవి ఎక్కువ ట్రెక్కింగ్ ఫోటోలే, తిరిగొచ్చి కంప్యూటర్లో వేసుకున్నాక ఈ రాయి ఏ మలుపు దగ్గరిది, ఈ పువ్వు ఏ ఎత్తులో కనిపించింది అనేది గుర్తుండదు, అది ఫోటోలోనే ఉండిపోతే (జియోట్యాగింగ్ అంటే అదే) బాగుంటుంది కదా అని నా ఆశ.

కానీ మూడు సమస్యలొచ్చాయి. ఆన్ చేశాక జీపీఎస్ గుర్తు చాలాసేపు మిణుక్కుమిణుక్కుమంటూనే ఉంటుంది, ఫిక్స్ అంటే కెమెరాకి తన చోటు దొరకడం లేటవుతోంది, ఈలోపు తీసిన వాటికి లొకేషన్ ఏమీ పడట్లేదు. రెండోది, కొన్ని ఫోటోలకి లొకేషన్ పడింది కానీ మ్యాప్‌లో చూస్తే నేను లోయలో ఉన్నప్పుడు తీసిన వాటిని కూడా పొద్దున నడక మొదలుపెట్టిన చోటే చూపిస్తోంది. మూడోది బ్యాటరీ, రాత్రి స్విచ్ ఆఫ్ చేసి బ్యాగులో పెట్టినా తెల్లారేసరికి బాగా దిగిపోయి ఉంటోంది. హార్డ్‌వేర్ పాడైందా, లేక సెట్టింగ్సా? వాడినవాళ్లు కాస్త చెప్పండి.

తారాపథం
హార్డ్‌వేర్ బానే ఉన్నట్టుందండి, మీరు చెప్పిన మూడూ ఆ తరం కెమెరాల్లో మామూలుగా కనిపించేవే. మొదటిదాని గురించి చెప్తా, కొంచెం పెద్దగా రాస్తున్నా, ఎందుకంటే లోపల ఏం జరుగుతుందో తెలిస్తే తర్వాత అన్నీ మీకే అర్థమవుతాయి.

జీపీఎస్ శాటిలైట్లు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి, అక్కడినుంచి కింద మన దాకా వచ్చేసరికి సిగ్నల్ చాలా బలహీనం. కెమెరా తన చోటు లెక్కకట్టాలంటే కనీసం నాలుగు శాటిలైట్లు స్పష్టంగా వినపడాలి, మూడు చాలవు ఎందుకంటే కెమెరాలో గడియారం అంత ఖచ్చితమైంది కాదు, ఆ టైమ్ తేడాని కూడా లెక్కలో తేల్చాలి కాబట్టి నాలుగోది కావాలి. పైగా ప్రతి శాటిలైట్ నుంచి అది ప్రస్తుతం ఎక్కడ ఉందనే డేటా, ఎఫెమెరిస్ అంటారు, దించుకోవాలి. అది సెకనుకి 50 బిట్లు మాత్రమే వచ్చే స్పీడు, ఒక శాటిలైట్ తన ఎఫెమెరిస్‌ని 30 సెకన్లకోసారి మళ్లీ మళ్లీ పంపుతుంది. మధ్యలో చెట్టు అడ్డొచ్చో మీరు కెమెరా తిప్పేసో ఆ వరుస తెగితే మళ్లీ తర్వాతి దఫా దాకా ఆగాల్సిందే. ఇక అన్ని శాటిలైట్ల స్థూలమైన వివరం, ఆల్మనాక్, పూర్తిగా రావాలంటే 12.5 నిమిషాలు. కెమెరాని చాలా రోజులు ఆఫ్‌లో ఉంచి కొత్త చోట ఆన్ చేస్తే దాదాపు మొదటినుంచి వెతుక్కోవాలి, దాన్నే కోల్డ్ స్టార్ట్ అంటారు. గంట క్రితం ఫిక్స్ దొరికి ఉంటే మాత్రం సెకన్లలో దొరుకుతుంది, ఎఫెమెరిస్ కొన్ని గంటలపాటు పనికొస్తుంది కాబట్టి.

అందుకని నడక మొదలుపెట్టే ముందే ఆకాశం బాగా కనిపించే చోట కెమెరాని ఆన్ చేసి, కదపకుండా ఒక రాయి మీద పెట్టేయండి, షూ లేసులు కట్టుకునేలోపు, నీళ్లు నింపుకునేలోపు ఫిక్స్ వచ్చేస్తుంది. నడుస్తూ మెడలో ఊగుతుంటే అదే పని చాలా ఆలస్యమవుతుంది.

పాతలెన్స్
బ్యాటరీ సంగతి సెట్టింగే. కొన్ని బాడీల్లో జీపీఎస్ ఎనేబుల్‌లో ఉంటే పవర్ స్విచ్ ఆఫ్ చేసినా లోపల మధ్యమధ్యలో శాటిలైట్లని పలకరిస్తూనే ఉంటుంది, మళ్లీ ఆన్ చేసినప్పుడు తొందరగా ఫిక్స్ రావాలని అలా పెట్టారు. కెనాన్ 6డీలో అంతే, తర్వాత వచ్చిన 7డీ మార్క్ 2, 5డీ మార్క్ 4 లాంటివాటిలో దీన్ని మోడ్ 1, మోడ్ 2 అని విడగొట్టారు, మోడ్ 1 అంటే ఆఫ్‌లో కూడా నడుస్తుంది, మోడ్ 2 అంటే స్విచ్‌తో పాటే ఆగిపోతుంది. మీ మెనూలో ఇలాంటిది ఉందేమో చూడండి. పగలు నడకలో ఉన్నప్పుడు మోడ్ 1, రాత్రి పడుకునే ముందు పూర్తిగా డిజేబుల్. మోడ్ 2 లేని బాడీ అయితే మెనూలోకి వెళ్లి ఆపడం తప్ప దారి లేదు, మెనూ షార్ట్‌కట్‌లో పెట్టుకోండి, చేతికి అలవాటైపోతుంది.

రాత్రిపక్షి
పొద్దుటి చోటే చూపించడం గురించి. చాలా కెమెరాలు సిగ్నల్ పోయినప్పుడు చివరగా దొరికిన లొకేషన్‌నే కొంతసేపు ఫోటోలకి రాసేస్తాయి. లోయలోకి దిగారు, రెండువైపులా కొండ, పైన చెట్లు, కొత్త ఫిక్స్ రాలేదు, పాతదే పడింది, నాకు అలాగే అనిపిస్తోంది.

దీన్ని కనిపెట్టడం తేలికండి. ఎక్సిఫ్ వివరాల్లో, అంటే ఫోటో ఫైల్ లోపలే కెమెరా రాసే సమాచారంలో, ఫోటో తీసిన టైమ్ ఒకటి ఉంటుంది, జీపీఎస్ టైమ్‌స్టాంప్ అని విడిగా ఇంకొకటి ఉంటుంది. రెండోది యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో, ఉంటుంది కాబట్టి మీ టైమ్‌జోన్ తేడా కలుపుకుని మొదటిదాంతో పోల్చండి. రెండూ సెకన్ల తేడాలో ఉంటే ఆ లొకేషన్ తాజాది, నమ్మొచ్చు. గంటో రెండు గంటలో వెనకబడి ఉంటే అది పాత ఫిక్స్. నా ఆర్కైవ్‌లో కార్డు దించుకోగానే నేను చేసే మొదటి పని ఇదే, తేడా ఎక్కువ ఉన్నవాటిని పక్క ఫోల్డర్‌లో వేసి తర్వాత సరిచేస్తా. తప్పు లొకేషన్ ఉన్న ఫోటో కంటే లొకేషన్ లేని ఫోటో నయం, పదేళ్ల తర్వాత చూసేవాళ్లు మ్యాప్‌లో పిన్ కనిపిస్తే నమ్మేస్తారు.

కొండదారి
తారాపథం గారూ, పాతలెన్స్ గారూ, రాత్రిపక్షి గారూ చాలా థాంక్స్. మెనూలో మోడ్ 1, 2 రెండూ ఉన్నాయి, మార్చేశా. జీపీఎస్ టైమ్‌స్టాంప్ కూడా చూశా, మీరన్నట్టే లోయలో తీసిన వాటన్నిటిలో అది పొద్దుటి టైమ్ దగ్గరే ఆగిపోయి ఉంది. ఇప్పుడు వీటిని సరిచేయడం ఎలా? మెనూలో లాగర్ అని ఒక ఆప్షన్ కనిపించింది, అది దేనికి?

ట్రాక్‌లాగ్
అదే అసలు ఆయుధం బ్రో. లాగర్ ఆన్ చేస్తే మీరు ఫోటో తీసినా తీయకపోయినా కెమెరా కొన్ని సెకన్లకో నిమిషానికో ఒకసారి తానున్న చోటుని రాసుకుంటూ పోతుంది, చాలా కెమెరాల్లో ఆ ఫైల్ ఎన్ఎంఈఏ అనే జీపీఎస్ డేటా ఫార్మాట్‌లో ఉంటుంది, తర్వాత కార్డులోకి కాపీ చేసుకోవచ్చు. కానీ కెమెరా లాగర్‌కి కూడా అదే యాంటెన్నా కదా, లోయలో దానికీ చీకటే. కాబట్టి ముఖ్యమైన నడకలకి ఫోన్‌లో ఒక ట్రాకింగ్ యాప్ కూడా నడిపించండి, నడిచిన దారిని టైమ్‌తో సహా రాసిన జీపీఎక్స్ ఫైల్ వస్తుంది.

ఇంటికొచ్చాక ఎక్సిఫ్‌టూల్, జియోసెట్టర్, డిజికామ్, లైట్‌రూమ్ మ్యాప్ మాడ్యూల్, వీటిలో ఏదైనా సరే, ఫోటో టైమ్‌ని ట్రాక్ టైమ్‌తో సరిపోల్చి లొకేషన్ రాసేస్తుంది. నా ఓటు ఎక్సిఫ్‌టూల్‌కి, ఉచితం, కమాండ్ లైన్ అని భయపడొద్దు, ఒక్క లైను నేర్చుకుంటే మొత్తం ఫోల్డర్ అయిపోతుంది. ఫోటో టైమ్‌కి సరిగ్గా పాయింట్ లేకపోతే ముందు వెనక పాయింట్ల మధ్యలో లెక్కకట్టి వేస్తుంది, ఆ పాయింట్ల మధ్య ఎడం మరీ ఎక్కువైతే ఊహించకుండా వదిలేస్తుంది, మామూలుగా ఆ హద్దు 1800 సెకన్లు, మీరు తగ్గించుకోవచ్చు. నేను బాగా తగ్గిస్తా, అరగంటలో మనిషి ఎక్కడెక్కడికో వెళ్తాడు. ఒరిజినల్ ఫైల్‌ని పక్కన కాపీగా ఉంచుతుంది, అదీ నాకు నచ్చిన విషయం. రా ఫైళ్లని (కెమెరా ప్రాసెస్ చేయకుండా ఇచ్చే ఒరిజినల్స్) ముట్టుకోవడం ఇష్టం లేకపోతే పక్కన ఎక్స్ఎంపీ అనే విడి వివరాల ఫైల్‌లో రాయించుకోండి.

ఇదంతా పనిచేయాలంటే కెమెరా గడియారం కరెక్ట్‌గా ఉండాలి. రెండు నిమిషాలు తేడా ఉంటే నడిచేవాళ్లకి పెద్ద తేడా రాదు, బస్సులోంచి తీస్తే మాత్రం పిన్ కిలోమీటర్లు జరిగిపోతుంది. జీపీఎస్ ఉన్న కెమెరాల్లో టైమ్‌ని శాటిలైట్ నుంచే తీసుకునే ఆప్షన్ ఉంటుంది, ఆటో టైమ్ అని, దాన్ని తప్పకుండా ఆన్‌లో పెట్టండి. లొకేషన్ అక్కర్లేనివాళ్లకి కూడా ఈ ఒక్కదాని కోసం జీపీఎస్ పనికొస్తుంది, పెళ్లి షూట్‌లో రెండు మూడు బాడీలు వాడేవాళ్లని అడగండి టైమ్ కలవకపోతే ఎంత తలనొప్పో.

నీలిగోళం
గడియారం తప్పుగా ఉందని తర్వాత తెలిసినా పర్లేదు. నడకలో ఎప్పుడైనా ఫోన్‌లో సెకన్లతో సహా టైమ్ కనిపించేలా పెట్టి దాన్ని కెమెరాతో ఒక ఫోటో తీయండి. ఆ ఫోటోలో కనిపించే టైమ్‌కి, కెమెరా ఎక్సిఫ్‌లో రాసిన టైమ్‌కి తేడా ఎంతో అదే మీ సవరణ. సాఫ్ట్‌వేర్‌కి ఆ తేడా చెప్తే మిగతాది అదే చూసుకుంటుంది.

ఇంకోటి, టైమ్‌జోన్. పాత కెమెరాలు ఫోటో టైమ్ రాస్తాయి కానీ అది ఏ టైమ్‌జోన్‌దో రాయవు, యూటీసీ తేడా రాసుకునే వీలు ఎక్సిఫ్ 2.31లో, అంటే 2016లో గానీ రాలేదు. వేరే దేశం వెళ్లి కెమెరా టైమ్‌జోన్ మార్చడం మర్చిపోతే ట్రాక్‌తో కలిపినప్పుడు అన్నీ గంటల తేడాతో పడతాయి. ముందు ఒకే ఒక్క ఫోటోతో పరీక్షించి, మ్యాప్‌లో సరిగ్గా పడిందా చూసుకుని, అప్పుడు ఫోల్డర్ మొత్తానికి కొట్టండి.

వైడ్‌యాంగిల్
ఇంత కష్టం దేనికండీ అసలు? ఇప్పుడు ఏ కొత్త కెమెరా తీసుకున్నా బ్లూటూత్‌లో ఫోన్‌కి కనెక్ట్ అయిపోతుంది, నికాన్ స్నాప్‌బ్రిడ్జ్, కెనాన్ కెమెరా కనెక్ట్, సోనీ, ఫుజీ అందరికీ యాప్‌లున్నాయి, ఫోన్ లొకేషన్ ఫోటోలోకి వచ్చేస్తుంది. ఫోన్‌కి నెట్ ద్వారా శాటిలైట్ల డేటా ముందే వస్తుంది కాబట్టి ఫిక్స్ కూడా సెకన్లలో వస్తుంది. కంపెనీలు కూడా అందుకే లోపలి జీపీఎస్ తీసేస్తున్నాయి, నికాన్ డీ5300లో ఉండేది, డీ5500కి వచ్చేసరికి తీసేశారు, ఒలింపస్ టఫ్ టీజీ-6లో ఉంది, టీజీ-7లో లేదు. ఇక పాతదాన్ని పట్టుకుని వేలాడటం నాకైతే అర్థం కాదు.

తారాపథం
వైడ్‌యాంగిల్ గారూ, మీరన్నది సగం ఒప్పుకుంటా. ఊళ్లలో, రోడ్ల మీద ఫోన్ దారే సుఖం. కానీ ఫోన్ యాప్ వెనకాల నడుస్తూ ఉండాలి, ఫోన్లేమో బ్యాటరీ మిగల్చడానికి వెనకున్న యాప్‌లని నిద్రపుచ్చేస్తాయి, కనెక్షన్ తెగిన సంగతి మీకు సాయంత్రం దాకా తెలియదు. నెట్‌వర్క్ లేని కొండల్లో ఫోన్‌కి ఆ ముందస్తు డేటా కూడా రాదు. అక్కడ ఫోన్ బ్యాటరీ అంటే ప్రాణం లాంటిది, దాన్ని ఫోటోల లొకేషన్ కోసం ఖర్చు చేయాలా వద్దా అనేది ఆలోచించాల్సిన విషయం. కెమెరా బ్యాటరీ అయితే ఇంకొకటి జేబులో వేసుకుని పోతాం. అందుకేనేమో పై స్థాయి బాడీల్లో, నికాన్ జెడ్9లో, కెనాన్ ఆర్3లో లోపలి జీపీఎస్‌ని అలాగే ఉంచారు, పని మీద తిరిగే ఫోటోగ్రాఫర్లకి ఫోన్ జత చేసుకుంటూ కూర్చునే తీరిక ఉండదు.

ముందస్తు డేటా కెమెరాకి కూడా ఇవ్వొచ్చు, అది చాలామంది వాడరు. డీ5300కి ఏ-జీపీఎస్ ఫైల్ అని కార్డు ద్వారా ఎక్కించేవారు, రెండు వారాలు పనిచేసేది, సోనీలో అసిస్ట్ డేటా అని 30 రోజులు చెల్లేది. మీ మోడల్‌కి ఆ ఫైల్ ఇంకా దొరుకుతుంటే ప్రయాణానికి ముందు రోజు ఎక్కించుకోండి, ఫిక్స్ టైమ్ బాగా తగ్గుతుంది.

పాతలెన్స్
ఇంకో ఉపయోగం చెప్పడం మర్చిపోయారు. పెంటాక్స్ కే-1లో జీపీఎస్, కంపాస్ రెండూ కలిపి ఆస్ట్రోట్రేసర్ అని ఉంటుంది, మీరు భూమ్మీద ఎక్కడున్నారో, కెమెరా ఎటు చూస్తుందో తెలుసుకుని నక్షత్రాలు కదిలే దిక్కులో సెన్సర్‌నే నెమ్మదిగా జరుపుతుంది, నక్షత్రాలతో పాటు కెమెరాని తిప్పే ట్రాకింగ్ మౌంట్ లేకుండా నిమిషాల ఎక్స్‌పోజర్‌లో చుక్కలు గీతలు కాకుండా చుక్కల్లాగే పడతాయి. జీపీఎస్ అంటే పిన్ ఒక్కటే కాదు.

గడ్డిపూలు
నాది వేరే డౌట్. నా కెమెరాలో లొకేషన్ బాగానే పడుతుంది గానీ ఎత్తు మాత్రం పిచ్చిగా వస్తోంది, ఒకే చోట నిలబడి వరుసగా తీసిన ఫోటోల్లో కూడా ఎత్తు మారిపోతోంది. ఇంకా చెరువు అవతలి ఒడ్డున ఉన్న గుడిని తీస్తే పిన్ చెరువు ఇవతలే పడుతోంది, ఇది సరిచేయొచ్చా?

నీలిగోళం
రెండోది తప్పు కాదండి, కెమెరా నిలబడిన చోటునే అది రాస్తుంది, మీరు తీసిన వస్తువు ఎక్కడుందో దానికి తెలియదు. కంపాస్ ఉన్న మోడల్ అయితే ఎటువైపు చూస్తూ తీశారో ఆ దిక్కు కూడా పడుతుంది, దాన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు, అప్పుడప్పుడూ కెమెరాని గాల్లో ఎనిమిది ఆకారంలో తిప్పి కంపాస్‌ని సరిచేసుకోండి, మెనూలోనే చెప్తుంది. తీసిన చోటు, కనిపించే చోటు రెండిటినీ విడివిడిగా రాసుకోవడానికి ఐపీటీసీ అనే ఫోటో వివరాల పద్ధతిలో వేరు వేరు ఫీల్డులున్నాయి, గుడి లొకేషన్‌ని అక్కడ రాయండి, జీపీఎస్ ఫీల్డుని మార్చొద్దు.

ఎత్తు ఎప్పుడూ మ్యాప్ మీది చోటు కంటే తక్కువ ఖచ్చితత్వంతోనే వస్తుంది. శాటిలైట్లు మీకు నలుదిక్కులా ఉంటాయి కాబట్టి అటూ ఇటూ తప్పు సర్దుకుంటుంది, కానీ అన్నీ మీ నెత్తి మీదే, కాళ్ల కింద ఒక్కటీ ఉండదు, భూమి అడ్డం కదా. దానికి తోడు జీపీఎస్ లెక్కకట్టేది డబ్ల్యూజీఎస్-84 అనే, ధ్రువాల దగ్గర కొంచెం నొక్కుకున్న నునుపైన భూమి ఆకారం నుంచి ఎత్తు, సముద్రమట్టం నుంచి కాదు, ఈ రెండిటి మధ్య తేడా ప్రాంతాన్ని బట్టి పదుల మీటర్లు, కొన్నిచోట్ల వంద దాకా ఉంటుంది. నాకు ఎత్తు ముఖ్యమైతే లొకేషన్‌ని తీసుకుని టోపోగ్రఫీ మ్యాప్‌లో ఆ చోటి ఎత్తు చూసుకుంటా.

గడ్డిపూలు
ఓహ్ అందుకా. కాళ్ల కింద శాటిలైట్ ఉండదు అన్నది బాగా ఎక్కింది, థాంక్యూ.

రాత్రిపక్షి
ఒక విషయం ఈ థ్రెడ్‌లో ఎవరూ ఎత్తలేదు, నాకు చాలా ముఖ్యమైంది. లొకేషన్ ఉన్న ఫోటోని బయట పెట్టేముందు ఆలోచించండి. నేను పక్షుల్ని తీస్తా, గూడు మీద ఉన్న గుడ్లగూబ ఫోటోని పూర్తి కోఆర్డినేట్స్‌తో పెడితే మర్నాడు అక్కడికి జనం వస్తారు, గుడ్లు ఎత్తుకుపోయేవాళ్లు కూడా వస్తారు. ఐన్యాచురలిస్ట్ అనే, జనం చూసిన జీవుల్ని నమోదు చేసే సైట్‌లో ప్రమాదంలో ఉన్న జాతులకి అసలు చోటుని వాళ్లే దాచేసి 0.2 డిగ్రీల గడిలో ఎక్కడో ఒక పాయింట్ చూపిస్తారు, అంటే భూమధ్యరేఖ దగ్గర దాదాపు 22 కిలోమీటర్ల గడి, అంత జాగ్రత్త ఎందుకు తీసుకుంటున్నారో ఆలోచించండి. గూళ్ల ఫోటోల్ని నేను లొకేషన్ తీసేసిన కాపీగానే పంచుకుంటా, ఒరిజినల్ నా దగ్గరే.

మనుషుల సంగతీ అంతే. 2012 డిసెంబర్‌లో యాంటీవైరస్ కంపెనీ పెట్టిన జాన్ మెకాఫీ అజ్ఞాతంలో ఉన్నప్పుడు వైస్ అనే మీడియా వాళ్లు పెట్టిన ఫోటోలో జీపీఎస్ వివరాలు అలాగే ఉండిపోయి ఆయన గ్వాటెమాలాలో ఉన్నట్టు బయటపడింది. అది ఫోన్ ఫోటో, కెమెరా అయినా రాసేది అవే ఫీల్డులు. ఇంట్లో పిల్లల ఫోటోలకి నేను జీపీఎస్ ఆపేసే తీస్తా.

వైడ్‌యాంగిల్
సోషల్ మీడియా సైట్లు ఎలాగూ ఎక్సిఫ్ తీసేస్తాయి కదా?

ట్రాక్‌లాగ్
పెద్ద సైట్లు చాలావరకు తీసేస్తాయి, కానీ అన్నీ కాదు, ఫోటోగ్రఫీ సైట్లలో ఎక్సిఫ్ చూపించడమే ఒక ఫీచర్. వాట్సాప్‌లో ఫోటోగా పంపితే పోతుంది, క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంట్‌గా పంపితే మొత్తం అలాగే వెళ్తుంది. మెయిల్ అటాచ్‌మెంట్ కూడా అంతే. సైట్ మీద వదిలేయకుండా ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడే తీసేయండి, లైట్‌రూమ్‌లో లొకేషన్ సమాచారం తీసేయమనే టిక్కు ఉంటుంది, ఎక్సిఫ్‌టూల్‌లో జీపీఎస్ ట్యాగులు మాత్రమే చెరిపేసి మిగతా ఎక్స్‌పోజర్ వివరాలు ఉంచుకోవచ్చు. ఎక్స్ఎంపీలో ఇంకో కాపీ ఉండొచ్చు, అదీ చూసుకోండి.

పాతకాంపాక్ట్
ఇక్కడే అడుగుతున్నా ఏమీ అనుకోకండి. నా దగ్గర జీపీఎస్ ఉన్న ఒక పాత కాంపాక్ట్ ఉంది, ఈమధ్య ఆటో టైమ్ ఆన్ చేస్తే తేదీ ఏకంగా దాదాపు ఇరవై ఏళ్లు వెనక్కి పోతోంది, లొకేషన్ మాత్రం కరెక్టే. చేత్తో మారిస్తే మళ్లీ ఫిక్స్ రాగానే వెనక్కే.

తారాపథం
వీక్ రోలోవర్ అది. జీపీఎస్ సిగ్నల్‌లో వారం సంఖ్యకి పాత పద్ధతిలో 10 బిట్లే ఇచ్చారు, అంటే 1024 వారాలు లెక్కపెట్టి మళ్లీ సున్నాకి వస్తుంది, అది 19 ఏళ్ల పైచిలుకు. 1999 ఆగస్టులో ఒకసారి, 2019 ఏప్రిల్ 6న ఇంకోసారి అలా తిరిగింది. ఫర్మ్‌వేర్‌లో, అంటే పరికరం లోపలి సాఫ్ట్‌వేర్‌లో, దాన్ని ఎలా రాశారనే దాన్నిబట్టి కొన్ని పరికరాల్లో ఆ రోజున కాకుండా తర్వాత ఎప్పుడో కూడా బయటపడుతుంది. చోటు లెక్కకట్టడానికి వారంలో ఎన్నో సెకను అనేది చాలు కాబట్టి లొకేషన్ బానే వస్తుంది, తేదీ ఒక్కటే చెడుతుంది. కంపెనీ సైట్‌లో ఫర్మ్‌వేర్ అప్‌డేట్ ఉందేమో చూడండి. లేకపోతే ఆటో టైమ్ ఆపేసి టైమ్ చేత్తో పెట్టుకుని జీపీఎస్ వాడుకోండి, ఎక్సిఫ్‌లో జీపీఎస్ తేదీ తప్పుగానే పడొచ్చు, దానికి 1024 వారాలు కలిపి సరిచేయొచ్చు.

పాతకాంపాక్ట్
అప్‌డేట్ లేదు, ఆటో టైమ్ ఆపేశా, ఇప్పుడు ఫోటో తేదీ నిలబడింది. చాలా థాంక్స్ అండి.

కొండదారి
మళ్లీ వచ్చా. మీరు చెప్పినట్టే బయల్దేరే ముందు కెమెరాని రాయి మీద పెట్టి ఫిక్స్ వచ్చాకే కదిలాను, లాగర్ ఆన్, ఆటో టైమ్ ఆన్, ఫోన్‌లో కూడా ట్రాక్. ఎక్కేటప్పుడు తీసిన వాటిలో జీపీఎస్ టైమ్, ఫోటో టైమ్ రెండూ కలిశాయి. లోయలో తీసిన వాటికి మళ్లీ పాత ఫిక్సే పడింది, వాటిని ఏరి ఫోన్ జీపీఎక్స్‌తో కలిపితే వాగు పక్కన ఉన్న దారి మీదే వరుసగా పడ్డాయి, చూస్తే ఎంత సంతోషమేసిందో. ఆఫ్ చేశాక బ్యాటరీ కూడా తగ్గట్లేదు.

ఒక్కటే మిగిలింది. ఫోన్ ట్రాక్‌తో కలిపినప్పుడు కెమెరా రాసిన మంచి లొకేషన్లు కూడా మారిపోతాయా? ఎక్కేటప్పుడు తీసినవి కదపకూడదు.

ట్రాక్‌లాగ్
ఎక్సిఫ్‌టూల్‌లో ట్రాక్ ఇచ్చి ఫోల్డర్ మొత్తానికి నడిపితే ముందున్న వాటి మీద కూడా రాసేస్తుంది బ్రో. రాత్రిపక్షి గారు చెప్పినట్టు పాత ఫిక్స్ ఉన్నవాటిని ముందే పక్క ఫోల్డర్‌లోకి లాగి, ఆ ఫోల్డర్ మీద మాత్రమే నడపండి. లేదంటే వాటి జీపీఎస్ ట్యాగులు ముందు చెరిపేసి, లొకేషన్ లేని ఫైళ్లకి మాత్రమే రాయమని షరతు పెట్టొచ్చు, అదీ ఒక్క లైనే, కావాలంటే మెసేజ్‌లో పంపిస్తా.

కొండదారి
ఫోల్డర్ పద్ధతే చేస్తా. ఆ లైను కూడా పంపండి.